ఏడో నంబరు తొడుగు

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే
నా ఉద్యోగం.
గుండు నాది. మోకాలు జుల్మీరాది.
మధ్యన ఒక అల్లిక:
నూలు, సాగే దారం,
వెంట్రుక కన్నా సన్నని వెండి పోగు.

కొవిల్యా కొండకి అతుక్కున్న ఊరు.
ఏ వీధికి పోవాలన్నా మెట్లే.
మోకాలు తెగినవాళ్ళకి ఇంతకన్నా చెడ్డ ఊరు లేదు,
మోకాళ్ళని చదివేవాడికి ఇంతకన్నా మంచి ఊరూ లేదు.
గొర్రెల ఉన్ని ఉతికిన పాత మిల్లులోనే మా ప్రయోగశాల.
ముసురు పట్టిందంటే
గోడలు ఇంకా ఉన్ని వాసనేస్తాయి.

చక్రాల బూట్లమీద హాకీ ఆడేది జుల్మీరా.
ఒక శనివారం రాత్రి
బంతి అటు, ఒళ్ళు ఇటు,
పాదం మాత్రం ఎటూ తిరగలేదు.
ఆ టప్పుమన్న చప్పుడు
పైవరసలో కూర్చున్న తాతకి కూడా వినిపించిందట.
తొడ వెనకనించి ఒక పోగు తీసి
మోకాట్లో లిగమెంటుగా బిగించారు.
"ఆ డాక్టరూ మా నేతపనివాడే" అన్నాను.
నవ్వలేదు.

పదకొండో వారం తొడుగు చేతికిచ్చాను.
పొద్దున వేసుకో, ఛార్జింగుకి తప్ప తీయకు.
ఉతకొద్దు.
ఉతకొద్దు, అని మళ్ళీ చెప్పాను.

"నొప్పుందా?"
"లేదు."
"భయం?"
"దేనికి?"

తొడుగు ఇంకోలా చెప్పింది.
మెట్లెక్కడం బాగానే ఉంది,
దిగేటప్పుడే
ప్రతి మెట్టు అంచునా అరక్షణం ఆగుతోంది.
ఎవరో కొట్టబోతున్నట్టు
తొడ కండ ముందే బిగుసుకుంటోంది.
రాత్రి రెండింటికి లేచి
వంటింట్లో ఒంటికాలి మీద నిలబడుతోంది,
తూలుతోంది, మళ్ళీ నిలబడుతోంది.
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.
పరాయి ఉత్తరం ఆవిరిపట్టి తెరిచినట్టు
తెర కట్టేసి ఇంటికెళ్ళిపోయాను.

పదహారో వారం, మంగళవారం.
మధ్యాహ్నం గీత మారిపోయింది.
వంగింది, చాచుకుంది, వంగింది.
గంటన్నరపాటు
ఒక్క తడబాటు లేదు, ఒక్క బిగుసు లేదు.
యుఫేమియాని పిలిచాను, ఆవిడ పై ఆవిడని పిలిచింది.
కాఫీలు చల్లారాయి.
ఎవరో కేకు కూడా కోశారు.
ఫోన్ చేశాను.
"ఇవాళ ఏం చేశావు?"
"ఏం లేదు, సోఫాలో పడుకున్నా.
తాత నీ తొడుగు ఉతికాడు.
కంపు కొడుతోందని, ఉన్ని సబ్బుతో.
బాల్కనీలో తీగమీద ఆరేశాడు.
ఇక్కడ ఒకటే గాలి."

ఆ గంటన్నర నడిచింది గాలి.
దానికి కోత లేదు, కుట్టు లేదు,
శనివారం లేదు.

ఆ వరసలన్నీ కొట్టేశాను.
కారణం అన్న గడిలో
'ఆరేసిన గుడ్డ' అని రాసి సంతకం పెట్టాను.
కేకు మాత్రం తిన్నాం.

గురువారం ఇద్దరూ వచ్చారు.
తొడుగు చొక్కాలా మడతపెట్టి తెచ్చాడు ముసలాయన.
"నూలు మంచిదే. అంచు కుట్టు వదులు."
నిజమే. రెండేళ్ళుగా మాకు కనపడలేదు.
జుల్మీరా గాలి గీతని చూసి
నా ముందు మొదటిసారి నవ్వింది.
"దీనికేం, పడి ఎరగదు."
కాసేపాగి,
"నాది చూపించు. దిగేటప్పటిది."

చూపించాను.
తెరమీద వేలు ఆనించి
ఆగిన చోటల్లా లెక్కపెట్టింది.
అరవై రెండు.
"రాత్రివి కూడా ఉన్నాయా?"
ఉన్నాయన్నాను.
తాత కిటికీలోంచి ఏటి వైపు చూస్తున్నాడు,
వినపడనట్టు.

వాళ్ళు వెళ్తుంటే తెర తెరిచి లేదు.
మెట్లమీద రెండు జతల అడుగులు విన్నాను.
ముసలి జత ప్రతి మెట్టుకీ ఆగుతోంది.
రెండో జత
దానికోసం ఆగుతోందో, తనకోసమో
చెవికి తెలియలేదు.

ఎనిమిదో నంబరుకి అంచు బిగించి
కొత్త చీటీ కుట్టాం:
చేత్తో ఉతకవచ్చు.
ఆరేసే ముందు బ్యాటరీ తీయవలెను.